గొలుసుకు ఆ చివర

రాయదుర్గంలో ఇనుప సామాన్ల అంగడి ముందు నిలబడి ఉన్నాను. అంగడాయన చక్రానికి చుట్టి ఉన్న గొలుసును చేతులతో లాగుతున్నాడు. కడియాలు చక్రం అంచు దాటి కింది బండమీద పడుతున్నాయి. మొదట ఒక్కొక్కటిగా వినిపించిన చప్పుడు కాసేపటికి చేటలో వేరుశనగ కాయలు చెరిగినట్లు ఏకధారగా మారింది. నూనె పూసిన ఇనుము వాసన ఎండకు ఘాటుగా లేస్తోంది. ఈ చప్పుడు ఎక్కడ విన్నా నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది. ఎవరో నన్ను ఇప్పుడే ఒక ప్రశ్న అడగబోతున్నారనీ, దానికి నా దగ్గర సమాధానం సిద్ధంగా లేదనీ ఒక బిగువు పట్టుకుంటుంది. ఆ ప్రశ్న అడిగిన నాగభూషణం సార్ ఇప్పుడు లేరు.

సార్ మాకు డిగ్రీలో భౌతికశాస్త్రం చెప్పారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టారు. పొట్టి మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రాస్తూ, కనిపించని దారమేదో పేనుతున్నట్లు ఉండేవారు. మాట పూర్తయ్యాక వేళ్ళు ఆగేవి. అవి ఆగినప్పుడే మాకు భయం.

మొదటి సంవత్సరంలో ఒకరోజు ఆయన గోనెసంచి భుజాన వేసుకుని తరగతికి వచ్చారు. అందులోంచి తీసినది పూర్వం సర్వేయర్లు పొలాలు కొలిచిన గొలుసు. అరవై ఆరడుగుల పొడవు, నూరు లింకులు. ఒక్కో లింకు జానెడుకు కాస్త తక్కువ ఉండే ఇనుప కడ్డీ. రెండు చివరలా ఇత్తడి పిడులు. పది చదరపు గొలుసులు కలిస్తే ఒక ఎకరా అవుతుందని ఆయన చెప్పేవరకు, ఎకరా అనేది మా నేలతోపాటే పుట్టిందని నేను అనుకునేదాన్ని. గొలుసును వరండాలో చాపించి, ఒక పిడి నా చేతికి ఇచ్చారు. రెండో పిడి పట్టుకున్నవాడు మా తరగతిలో నిద్రకు పేరుపడిన హనుమంతు.

“దీని పొడవు చెప్పండప్పా. అడుగుల్లో వద్దు, మీటర్లలో వద్దు. అడుగు మనిషి కాలు చూసి పెట్టుకున్న కొలత. మనిషి పుట్టకముందు కూడా ఉన్న కొలతలో చెప్పండి,” అన్నారు సార్.

అలా మొదలైంది ఆ లెక్క. గొలుసును మొదట మీటర్లలోకి, అక్కడినుంచి హైడ్రోజన్ పరమాణువులలోకి మార్చాం. ఆ గొలుసు పొడవునా పరమాణువులను పక్కపక్కన పేరిస్తే సుమారు ఇరవై వేల కోట్లు పడతాయి. తరువాత పరమాణువు నడుమ ఉండే ప్రోటాన్. చివరికి ప్లాంక్ పొడవు. అంతకన్నా చిన్న పొడవుకు అర్థమేమిటో నేటి భౌతికశాస్త్రం చెప్పలేని హద్దు అది. నల్లబల్ల నిండిపోయింది. నేను కాలిక్యులేటరు చూసి, ఒకటి పక్కన ముప్పై ఆరు అంకెలు వచ్చే సంఖ్యను, అందులో మొదటి పది అంకెలను, వక్తృత్వ పోటీలో నిలబడినట్లు నిలబడి గట్టిగా చదివాను. తరగతి చప్పట్లు కొట్టింది.

సార్ వేళ్ళు ఆగాయి. “బాగుండాది. గొలుసుకు ఆ చివర ఎవరుండారు?”

“హనుమంతు, సార్.”

“ఏమప్పా హనుమంతూ, నీ చెయ్యేమన్నా కదిలిందా?”

“ఈగ వాలింటే కొంచెం కదిలిచ్చినా సార్.”

“కొంచెమంటే?”

“వేలి మందమంత సార్.”

సార్ నా వైపు తిరిగారు. “విన్నావా అమ్మా నీలా? మూడో అంకె దాటినాక నువ్వు చదివిందంతా ఆ ఈగ చెప్పిన లెక్క.”

“నా లెక్కలో తప్పు లేదు సార్,” అన్నాను.

“తప్పుండాదని నేనన్నానా? గుణకారం బ్రహ్మాండంగా చేసినావు. నువ్వు గుణించింది హనుమంతు వేలిని.”

తరగతి అంతా విరగబడి నవ్వింది, హనుమంతుతో సహా. నాకు మాత్రం నవ్వు రాలేదు. కొలతను ఎంత చిన్న ముక్కలుగా కోస్తే అంత నిజం దగ్గరికి చేరుతామని నేను నిజంగానే నమ్మేదాన్ని. ఒక మాటను ఎంత కచ్చితంగా పలికితే అంత సత్యమని నమ్మినట్లే. డిబేట్లలో నేను గెలుస్తూ వచ్చింది ఆ నమ్మకంతోనే.

ఆ నమ్మకాన్ని కూడా ఆయన వదిలిపెట్టలేదు. మరుసటి ఏడాది కళాశాలల మధ్య జరిగిన డిబేట్‌కు సార్ ఒక న్యాయనిర్ణేత. మా జిల్లా కరువుకు మనిషి బాధ్యత ఎంత అన్నది విషయం. నాకు రెండో బహుమతి వచ్చింది. తడబడుతూ మాట్లాడిన ఒక హిందూపురం అమ్మాయికి మొదటిది వచ్చింది. నేను తిన్నగా సార్ గదికి వెళ్ళి కారణం అడిగాను. అడగడం నా హక్కు అని కూడా అన్నాను.

“హక్కే. కూర్చో,” అన్నారు. “ఆ యమ్మి ఒకసారి ‘ఇది నాకు తెలియదు’ అనింది. నువ్వు ఒక్కసారి కూడా అనలే.”

“డిబేట్‌లో తెలియదంటే ఓడినట్టే కదా సార్?”

“ఓడినట్టే. తెలిసే అనింది ఆ యమ్మి. దానికే మార్కులు వేస్తిని.”

అది అన్యాయమని చెప్పి లేచి వచ్చేశాను. ఇప్పటికీ దానిని పూర్తిగా న్యాయమని అనలేను. పోటీకి ఒక నియమం ఉంటుంది, ఆయన దానిని తన ఇష్టానికి మార్చారు. అయితే ఆయన ఆ రోజు నాకు నేర్పబోయినది, రెండేళ్ళ తరువాత మా పొలంలో, మా నాయన కళ్ళెదుట అవసరమవుతుందని నాకు అప్పుడు తెలియదు.

మాది గుమ్మఘట్ట మండలం. మా నాయనదీ, పెదనాయన తిమ్మారెడ్డిదీ పక్కపక్క పొలాలు, నడుమ ఒక గట్టు. ఆ గట్టును ఆనుకుని మా అబ్బ, అంటే నాయన వాళ్ళ నాయన, వేయించిన బోరు ఉంది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్ననాటికి అది ఎండిపోయి ఉండటంతో అది ఎవరి భాగమో అడిగినవాళ్ళు లేరు. కొన్నేళ్ళకు మంచి వానలు పడి అందులో నీళ్ళు ఊరాయి. నాయన మోటారు బిగించి చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. పెదనాయన కూడా తన సొంత బోర్లను నమ్ముకుని చీనీయే పెట్టాడు. ఆ తరువాత వరుసగా వచ్చిన కరువుల్లో ఆయన బోర్లు ఒక్కొక్కటీ పోయాయి. అంతలో భూముల రీసర్వే వచ్చింది. ఉపగ్రహాల సంకేతాలతో కొలిచే రోవరు పట్టుకుని వచ్చినవాళ్ళు ఉన్న గట్టును బట్టి గీత గీశారు. ఆ గీత ప్రకారం బోరు బెత్తెడు తేడాతో, అంటే నాలుగు వేళ్ళ వెడల్పంత, పెదనాయన వైపు పడింది.

మరుసటి ఉదయం మోటారు స్టార్టరు పెట్టెకు పెదనాయన తాళం వేలాడుతోంది. నాయన తాళం పగలగొట్టడానికి ఇనుప గడారి తీసుకుని బయలుదేరాడు. గట్టు మీద పెదనాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“కొట్టప్పా, కొట్టు. తాళం కొడతావో, నన్నే కొడతావో చూస్తా,” అన్నాడు.

“అన్నా, చెట్లకు నీళ్ళు పెట్టి వారమాయె, ఈపొద్దు పెట్టాల్సిందే. నువ్వూ చీనీ పెట్టినోడివే, నీకు తెలీదా?”

“తెలుసు కాబట్టే వేసినా. నా చెట్లు సగం ముందే ఎండిపాయె. అప్పుడు యాడుంటివి నువ్వు?”

నేను నాయన చేతిలోని గడారి పట్టుకుని వెనక్కి లాగాను. అభ్యంతరం రాసిచ్చాం. అధికారి వచ్చి పాత సర్వే పటం దగ్గర పెట్టుకుని మళ్ళీ కొలుస్తారన్నారు. ఆ రోజు మా తరఫున మాట్లాడవలసినదాన్ని నేనే. ఆ పటం నకలు తెచ్చుకుని లెక్క వేశాను. పాత హద్దురాయి నుంచి గొలుసులలో, లింకులలో రాసి ఉన్న దూరాన్ని మీటర్లలోకి మార్చి, దశాంశ స్థానాలు ఒక్కటి కూడా వదలకుండా లెక్కగట్టాను. బోరు మాదే అని తేలింది. అదీ సరిగ్గా బెత్తెడు తేడాతోనే. నాయన కాగితం కళ్ళకు అద్దుకున్నాడు. చీనీ చెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకుంటున్నాయి. నీళ్ళు రాకపోతే ముందు కాయ రాలుతుంది, తరువాత కొమ్మ, తరువాత చెట్టు.

ఆ లెక్కను సార్‌కు చూపించాలని ధర్మవరం వెళ్ళాను. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి, తమ్ముడి ఇంట్లో మగ్గాల చప్పుడు మధ్య ఉంటున్నారు. ఆమోదం కోసమే వెళ్ళానని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన కాగితం చదివారు. వేళ్ళు ఆగాయి.

“ఆ కాలంలో కొలిచినాయన లింకుల వరకే రాసినాడు కదమ్మా. లింకు అంటే దగ్గర దగ్గర జానెడు. దాని కింది సంగతి ఆయన చెప్పలే. ఈ బెత్తెడు నీకు ఎవరు చెప్పిరి?”

“లెక్క చెప్పింది సార్.”

ఆయన నన్ను మగ్గం దగ్గరికి తీసుకువెళ్ళారు. నేస్తున్నది ఆయన మరదలు. చీర అంచులో సగం విచ్చుకున్న మామిడి పిందె ఉంది. “దీని కొస ఎంత సన్నగా తీయగలవమ్మా?” అని ఆమెను అడిగారు.

“ఒక పోగంత. అంతకన్నా సన్నం కావాలంటే మీరే వచ్చి కూర్చోండి బావా, నేను పాఠాలు చెప్పుకుంటా,” అంది ఆమె తల ఎత్తకుండానే.

సార్ నవ్వలేదు. “పోగు కన్నా సన్నని గీత మగ్గం మీద రాదు. నీ పటానికి పోగు లింకు. నువ్వు అడుగుతాండేది అంతకన్నా సన్నం.”

నాకు కోపం వచ్చింది. “అయితే బోరు పెదనాయనకు ఇచ్చేయమంటారా సార్? ఆడ చెట్లు చస్తాండాయి. మీకు ఇది పాఠం, మాకు తోట.”

“ఇచ్చేయమని నేననలే. ఆయన రోవరు కొలిచింది గట్టును. గట్టు ఏటా నాగలికి జరుగుతాంటాది. ఆయన లెక్క కూడా నీ లెక్క మాదిరిదే.”

“తెలియదని చెబితే ఓడిపోతాను.”

“ఓడిపోవచ్చు,” అన్నారు. ఆ మాటను మెత్తబరచడానికి ఇంకేమీ కలపలేదు. నాతో వచ్చి ఆ మాట అధికారికి చెప్పమని బతిమాలాను. “నేనొస్తే లెక్చరర్ చెప్పినాడని ఒప్పుకుంటారు. అది కొలత కాదు. పోయిరా తల్లీ. రాయిని మాత్రం బాగా చూడు,” అన్నారు. బస్సులో దారి పొడవునా ఆయనతో మనసులో వాదిస్తూనే ఉన్నాను. ప్రతిసారీ గెలిచాను. కాగితంలోని బెత్తెడు మాత్రం నాకు గట్టిగా కనబడటం మానేసింది.

కొలత రోజు ఊరు సగం గట్టు మీదే ఉంది. మా వైపు ఒక పద్ధతి ఉంది. పొలం కొలిపించుకునేవాడు గొలుసుకు రెండు చివరలూ తన మనుషులతోనే పట్టిస్తాడు. ఎదుటివాడు దూరంగా నిలబడి చూస్తాడే తప్ప ముట్టుకోడు. ముట్టుకుంటే ఆ కొలతకు ఒప్పుకున్నట్లు లెక్క. అందుకే ప్రతివాడూ తన కొలత తాను కొలుచుకుంటాడు. రెండు కొలతలూ రెండు దావాలవుతాయి. ఆ రోజు గొలుసుకు బదులు తెచ్చిన టేపు పట్టుకోవడానికి మా చిన్నమామలిద్దరూ సిద్ధంగా ఉన్నారు.

నేను అధికారికి నమస్కరించి, “సార్, ఒక చివర మా నాయన పట్టుకుంటాడు. ఆ చివర మా పెదనాయన పట్టుకోవాలి,” అన్నాను.

గుంపులో గుసగుసలు లేచాయి. “ఏమ్మే, నువ్వేమన్నా ప్లీడరువా? ముట్టిచ్చి నన్ను ఇరికిస్తావా?” అన్నాడు పెదనాయన.

“నాయన కూడా ఇరుక్కుంటాడు కదా పెదనాయనా. ఇద్దరూ ఇరుక్కోండి.”

ఎవరో నవ్వారు. నవ్వు వినిపించాక వెనకడుగు వేయడం ఆయన స్వభావం కాదు. పాత హద్దురాయి దగ్గర ఆయన కూర్చున్నాడు. బోరు దగ్గర నాయన నిలబడ్డాడు. కొలత చదివారు. తరువాత ఇద్దరూ చోట్లు మారారు. రెండో కొలత మొదటిదానికి జానెడు తేడా వచ్చింది. అధికారి చిరాకు పడ్డాడు.

“రాయి మీద గుర్తు ఉంటుంది కదయ్యా, దాని మీద పెట్టండి టేపు.”

“గుర్తు యాడుండాది సార్?” అన్నాడు నాయన.

అందరం వంగి చూశాం. నేల మీద జానెడున్నర వెడల్పున తేలి ఉన్న నల్లరాయి. ఉలితో కొట్టిన గుర్తు ఉండవలసిన చోట, అరచేయి పట్టేంత నున్నటి గుంట ఉంది. పెదనాయన ఒక అంచున టేపు పెట్టాడు, నాయన మరో అంచున పెట్టాడు. ఇద్దరూ తమకు అనుకూలమైన అంచునే ఎంచుకున్నారు, అయినా ఇద్దరూ రాయి మీదే ఉన్నారు. పెదనాయన ఆ గుంటలో వేలు తిప్పాడు.

“మా నాయన ఈడే కదా కొడవలి నూరుతాండె.”

“నువ్వూ ఈడనే నూరితివి. నేనూ నూరితి,” అన్నాడు నాయన.

వేరుశనగ కోతకు వచ్చిన ప్రతిసారీ, మూడు తరాల చేతులు ఆ హద్దు గుర్తును కొంచెం కొంచెంగా అరగదీశాయి. నా సంచిలో అన్ని దశాంశాలతో నా లెక్క ఉంది. అది బయటికి తీసి చదివితే, ఎదుట రోవరు లెక్క తప్ప వేరే వాదం లేదు. అధికారి మొగ్గుతాడని కూడా తెలుస్తోంది. ఎందుకంటే ఆయన నా కాగితం కోసం అప్పటికే చెయ్యి చాపాడు. నాయన నా వైపే చూస్తున్నాడు.

“సార్,” అన్నాను. “ఈ రాయి తల జానెడున్నర. మేము కొట్లాడేది బెత్తెడు కోసం. బోరు ఎవరిదో ఈ పటం చెప్పలేదు. మాదని నేను రుజువు చేయలేను.”

“చూడప్పా, నీ బిడ్డే ఒప్పుకునె!” పెదనాయన అరిచాడు. “బోరు నాది!”

“నా మాట ఇంకా అయిపోలేదు పెదనాయనా. నీదని నువ్వు కూడా రుజువు చేయలేవు. నువ్వు పట్టుకున్న అంచు నుంచి కొలిస్తే నీది, నాయన పట్టుకున్న అంచు నుంచి కొలిస్తే నాయనది.”

నాయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. “ఎవరి పక్కమ్మే నువ్వు?” అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

“అయితే నన్నేం రాయమంటారమ్మా?” అన్నాడు అధికారి.

“రాయి వెడల్పు రాయండి సార్.”

ఆయన చివరికి హద్దును బోరు మీదుగానే పోనిచ్చి, బోరును ఉమ్మడిగా రాశాడు. నీళ్ళు ఒకరోజు మాకు, ఒకరోజు వాళ్ళకు.

ఇది మంచి ముగింపు అనిపించవచ్చు. వంతు నీళ్ళు రెండు తోటలకూ చాలలేదు. దిగువ వరుసల చెట్లను నాయన బతికించలేకపోయాడు. వానలు పడేలోపు వాటిని తన చేతులతోనే నరికి కట్టెలకు వేశాడు. పెదనాయన కూడా తనవాటిలో కొన్ని నరికాడు. “ఆ వరసలు నీ లెక్కకు పాయె,” అని నాయన ఒకసారి అన్నాడు. ఆ తరువాత చాలాకాలం నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను నోరు మూసుకుని కాగితం ఇచ్చి ఉంటే ఆ చెట్లు ఉండేవి. పెదనాయన చెట్లలో ఒక్కటి కూడా మిగిలేది కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది బరువో తేల్చడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

సార్‌కు ఫోన్ చేసి, “ఓడిపోయినా సార్,” అన్నాను.

“ఎంత తేడాతో?”

“బెత్తెడు కూడా లేదు సార్.”

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. తరువాత, “చెట్లెన్ని పోయినాయి?” అని అడిగారు. చెప్పాను. ఆయన వేళ్ళు ఆగిపోయి ఉంటాయని ఊహించాను. “ఆ అంకెకు అటూ ఇటూ ఉండదమ్మా,” అన్నారు. “దాన్ని మర్చిపోవద్దు.” ఆయన నాకు చెప్పిన పాఠాలలో నేను ఎదురు ప్రశ్న వేయనిది అదొక్కటే.

సార్ పోయినేడు వెళ్ళిపోయారు. నేను ఇప్పుడు న్యాయశాస్త్రం చదువుతూ ఒక ప్లీడరు దగ్గర పని నేర్చుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి కాగితంలో ఒక అంకె ఉంటుంది, ఆ అంకె వెనుక దాని మీద ఆశ పెట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ అంకెను ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎదుటివాడు ఎక్కడ నిలబడి ఉన్నాడు అని అడగకుండా నేను ముందుకు పోలేను. అలా అడిగినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళు తక్కువ.

“ఎంత కావాలమ్మా గొలుసు?” అంగడాయన అడుగుతున్నాడు.

“స్టార్టరు పెట్టెకు చుట్టాలన్నా. పాతది తుప్పు పట్టింది. తాళాలు కూడా రెండియ్యి.”

“ఒక పెట్టెకు రెండు తాళాలేంది?”

“ఒకదాంట్లో ఒకటి తగిలిచ్చి వేస్తాం. ఎవరి తాళం తీసినా గొలుసు ఊడొస్తాది. ఒక తాళంచెవి మా నాయనకాడ, ఒకటి మా పెదనాయనకాడ.”

“బాగుండాదే,” అంటూ ఆయన గొలుసు కొసను మోచేతికి ఆనించుకున్నాడు. “మూర లెక్కన ఇస్తా. కొంచెం అటూ ఇటూ ఉంటాది, మళ్ళొచ్చి కొట్లాడొద్దు.”

నేను సంచి కింద పెట్టి, గొలుసుకు ఆ చివర పట్టుకున్నాను.